ఉల్లిగడ్డల బండి గొంతు

ఇంకా ఎంతసేపు పడుతుందని అడగాలని ఆగయ్యకు పావుగంట నుంచీ ఉంది, అడగలేడు, ఎందుకంటే ‘ఇంకా’ అన్నా ‘ఎంత’ అన్నా రెండూ అచ్చుతోనే మొదలవుతాయి, అచ్చుతో మొదలయ్యే మాట ఏదైనా ఆయన గొంతులో ఇరుక్కుని అక్కడే కొట్టుకుంటుంది, హల్లులు తడబడినా ఎలాగోలా బయటపడతాయి. చిన్ననాటి నుంచీ ఉన్న నత్తి, యాభై నాలుగేళ్లు నిండినా పోలేదు, ఇక పోతుందన్న ఆశ కూడా లేదు. అందుకే నోరు తెరిచే ముందు లోపల మాటల్ని ఏరుకుంటాడు, భార్య రాజమణి గంపలోంచి కుళ్లిన గడ్డలు ఏరి పారేసినట్టు అచ్చుల్ని ఏరి పక్కన పడేసి, మిగిలినవాటితో పని జరుపుకుంటాడు. ‘టైం పడ్తదా భాయ్’ అన్నాడు చివరికి. ‘జర ఠైరో చాచా, చూస్తున్న గదా’ అన్నాడు జహీర్, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. జూపార్కు గోడకెదురుగా నాలుగడుగుల దుకాణం అతనిది, ఫోన్ల కవర్లు తోరణాల్లా వేలాడుతుంటాయి, వాటి మధ్య గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. నాలుక్కి బడి వదులుతారు. బిడ్డ బడి ఇక్కడికి రెండు గల్లీల అవతలే. ఈలోగా ఆ కంప్యూటర్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉన్న గొంతు చెరిగిపోవాలి, చెరిపేశానని బిడ్డకు చూపించాలి, చూపించలేకపోతే బిడ్డ ఆ బడి మానేస్తానంది, అంతకంటే పెద్ద సంగతి, బాపు మాట ఇక నమ్మనంది.

జహీర్ మౌస్ నొక్కాడు, తెర మీద చిన్న డబ్బా ఒకటి తెరుచుకుంది, అందులో ఇంగ్లీషు. ‘రైట్ ప్రొటెక్టెడ్ అంటుంది చాచా, ఫార్మాట్ చెయ్యనియ్యది.’ పెన్‌డ్రైవ్‌ను తీసి ఇటూ అటూ తిప్పి, పక్కన లాక్ మీట ఏమైనా ఉందేమోనని గోటితో గీకి చూశాడు. ఏ మీటా లేదు, ఆగయ్యకు తెలుసు లేదని. దాని ఒంటి మీద ఉన్న గీత గీతా ఆయనకు తెలుసు. నీలం రంగు ఎప్పుడో పోయింది, మూత మొదటి ఏడాదే మురిక్కాలువలో పడింది, రాజమణి దానికి ఎర్రదారం కట్టింది, దిష్టి తగలకుండా అని పైకి అంది గానీ పోకుండా అని అసలు సంగతి. పదకొండేళ్లుగా ఆ ముక్క బండి మీది ఆంప్లిఫయర్ డబ్బాలో కూర్చుని పొద్దున్నించి పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది, కార్వాన్‌లో అరిచింది, బహదూర్‌పురాలో అరిచింది, ఎండలో అరిచింది, మూసీ పొంగి రోడ్లు మునిగిన ఏడాది కూడా మోకాళ్లలోతు నీళ్లలో అరిచింది. ‘ఎర్రటి ఉల్లిగడ్డలూ! కర్నూలు ఉల్లిగడ్డలూ! తెల్లటి ఎల్లిగడ్డలూ! రావాలె అక్కా, చూడాలె అమ్మా! ప్యాజ్ లేలో ప్యాజ్!’ ధర చెప్పలేదు అందులో, ధర రోజూ మారుతుంది కనుక, అదొక్కటే ఆ రోజు ఆయనకు తట్టిన తెలివైన ఆలోచన. అందుకే పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మార్చాల్సిన పని పడలేదు.

నోరున్నవాడిదే రాజ్యమంటారు, మరి నోరు లేనివాడు పోయి పోయి ఉల్లిగడ్డలే అమ్మాలా! మలక్‌పేట గంజ్‌లో హమాలీగా ఉన్నన్నాళ్లు నోటితో పని లేదు, బస్తా వీపుకెత్తుకున్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. నడుం పట్టేశాక డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, అప్పుడు తెలిసిన సరుకు అదొక్కటే కనుక తోపుడు బండి మీద అదే పోసుకున్నాడు. మొదటి రోజు గల్లీ మొగదల నిలబడి ‘ఉ’ అన్నాడు. ‘ఉ… ఉ… ఉ…’ అంటూనే గల్లీ ఆ చివరిదాకా వెళ్లిపోయాడు, ‘ల్లి’ రాలేదు, పైనుంచి ఎవరో కిటికీ తెరిచి చూసి, మూసుకున్నారు. ఇంటికొచ్చి బండి నిండుగా ఉన్నది ఉన్నట్టే నిలబెడితే రాజమణి గడ్డలు గంపలోకి దించుకుంది. బిడ్డ ప్రీతి అంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. ‘నేనొస్త బాపు, నేనొర్రుత.’ ఆ పేరు కూడా ఆయన ఏరి పెట్టిందే, రాజమణి ఐశ్వర్య అనాలని ముచ్చటపడితే, జీవితాంతం పిలవాల్సిన పేరు, పెదవులు కలిపి వదిలేస్తే బయటపడే పేరు కావాలని మొండికేశాడు. ఆదివారాలూ సెలవులూ బండి మీద ఒక మూల కూర్చుని అరిచేది. ఆయన ‘ఉ’ అంటే చాలు, ‘ల్లిగడ్డలూ!’ అని మిగిలింది అది అందుకునేది. ఇంట్లోనూ అంతే, ఏ షాపుకెళ్లినా అంతే, బాపు ఏ మాట దగ్గర ఆగితే ఆ మాట బిడ్డ పూర్తి చేసేది, ఒక్కోసారి ఆయన అనాలనుకున్నది కాకుండా వేరేది పూర్తి చేసేది, అయినా సరేనని ఊరుకునేవాడు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదంటారు, ఆయనకు బిడ్డ చేసింది.

బడి రోజుల్లో ఏం చేయాలి, అందుకే కదా ప్రీతిని మైక్‌సెట్ అంజన్న దగ్గరికి తీసుకెళ్లాడు. కార్వాన్‌లో పెళ్లిళ్లకూ బోనాలకూ మైకులిచ్చేవాడు అంజన్న, గొడౌన్ వెనక గదిలో పరుపులు నిలబెట్టి రికార్డు చేసేవాడు. ప్రీతికి పదకొండేళ్లు. ఎంత బాగా చెప్పింది, గుక్క తిప్పుకోకుండా, మొదటిసారికే. చివర ‘ప్యాజ్ లేలో ప్యాజ్’ అయ్యాక ఒక్క క్షణం ఆగి, అదే రాగంలో, మైకు ఇంకా నడుస్తోందని తెలియక, చిటికెనవేలు చూపిస్తూ అనేసింది, ‘బాపూ, ఒంటికొస్తుందే!’ అంజన్న దాన్ని కత్తిరించలేదు. ఎలా కత్తిరించాలో ఆగయ్యకు తెలియదు. మర్నాడు గల్లీలోకి బండి వెళ్లింది, దాని మీది మైకు హార్ను ‘ఒంటికొస్తుందే’ అంది, అంతే, కిటికీలన్నీ తెరుచుకున్నాయి. నవ్వుకుంటూ వచ్చారు, నవ్వుకుంటూ కొన్నారు, పిల్లలు బండి వెంట పరుగెత్తారు, వారం తిరిగేసరికి అది ఒంటికి బండి అయింది, ఫోన్లు చేసి మరీ ‘ఒంటికి బండి ఇయ్యాల వస్తదా’ అని అడిగేవారు. ‘పొల్లను అట్లనే నిలబెట్టినవా కాకా?’ అని ఎవరైనా పరాచికాలాడితే ఆయనకు ఒక జవాబు ఉండేది, చెప్పీ చెప్పీ నున్నగా అరిగిపోయి నత్తి కూడా తగలని జవాబు: ‘రికార్డింగ్ కాంగనే సంకలేసుకొని ఉరికిన!’ అంతా నవ్వేవారు, ఆయనా నవ్వేవాడు, తోపుడు బండి పోయి ట్రాలీ ఆటో వచ్చింది, ప్రీతి డిగ్రీ చదివింది, ఆ చదువంతా ఆ అరుపు మీదే నడిచింది.

ఆ బిడ్డే ఈ జూన్‌లో పంతులమ్మ అయింది, రెండో తరగతికి, ఇదిగో ఈ రెండు గల్లీల అవతలి బడిలో. ఆగయ్యకు నేల మీద కాలు నిలవలేదు. బడి ముందు గల్లీలో ఉల్లిగడ్డలు తూచేటప్పుడు ఆ బడి పిల్లాడి తల్లి ఒకామెకు చెప్పాడు, ఎవరూ అడగకపోయినా చెప్పాడు, గా బళ్లె కొత్త మేడమ్ నా బిడ్డనే, గీ గొంతు గామెదే అని. రెండు మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది, అయినా చెప్పాడు, అంత విలువైన మాటలు ఆయన దగ్గర వేరే ఏమున్నాయి గనుక! మర్నాడే క్లాసులో ఒకడు చిటికెనవేలు పైకెత్తి, అదే రాగంలో, ‘బాపూ, ఒంటికొస్తుందే’ అన్నాడట. నలభై మంది బెంచీల మీద పడి దొర్లారట. ఆ తర్వాత రోజూ అదే తంతు, బోర్డు వైపు తిరిగితే చాలు వెనకనుంచి రాగం. పెద్ద మేడమ్ శారదమ్మ కేకలేసిందట, పిల్లల మీద కాదు, ప్రీతి మీద: ఎవరు వేలు చూపినా వెంటనే పొమ్మంటావు, నిజమో అబద్ధమో కనుక్కోవు, ఓ పది నిమిషాలు ఆగమంటే వాళ్లే దారికొస్తారు అని. ఎవర్నీ ఆగమని చెప్పనని ప్రీతి ఆమె మొహం మీదే అనేసిందట. ఈ సంగతి రాజమణి చెబితే ఆగయ్యకు అర్థం కాలేదు, ఇంత చిన్నదానికి పెద్ద మేడమ్‌తో లొల్లి ఎందుకు పెట్టుకుందో.

పెన్‌డ్రైవ్ తీసేస్తానని బిడ్డకు మొదటిసారి మాటిచ్చాడు. తీశాడు కూడా, జేబులో వేసుకున్నాడు. మూడు రోజులు బండి మూగగా తిరిగింది, సరుకు సగం కూడా కదల్లేదు, నాలుగో రోజు వేరే గల్లీ కదా అనుకుని పెట్టాడు, ఐదో రోజు చెయ్యి దానంతటదే పెట్టింది. నిన్న బడి వదిలే వేళకు ఆ గల్లీలోనే హార్ను మోగింది, గేటు దగ్గర నిలబడ్డ పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకున్నారు, వాళ్ల మధ్యలో ప్రీతి. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవలేదు. ‘జేబుల పెట్టుకునుడు కాదు బాపు, చెరిపెయ్, రేపు బడి ఇడిచే యాల్లకు నాకు చూపియ్. రేపు ఆ సప్పుడు మా గల్లీల మల్ల వినబడ్డదంటే ఎల్లుండి సంది నేను బడికి పోను. నీ మాట ఇగ నమ్మ.’ పిల్లలు బిడ్డా, నాలుగు రోజులు నవ్వి మర్చిపోతరు అని ఆయన నానా తంటాలు పడి చెబుతుంటే మధ్యలోనే, ఏడుస్తూ కాదు, చాలా మెల్లగా అంది, ‘అప్పుడు గూడ నువ్వు వినలే బాపు.’ అని లోపలికి పోయింది. అప్పుడంటే ఎప్పుడు? రాత్రంతా వెతికాడు, ఏ అప్పుడో దొరకలేదు.

మూడున్నర. జహీర్ నల్లటి తెర ఒకటి తెరిచి ఇంగ్లీషులో వరుసలు వరుసలు కొడుతున్నాడు, ప్రతి వరుసకూ ఆ తెర ఏదో జవాబిస్తోంది, అతని పెదవి విరుపు చూస్తే ఆ జవాబేమిటో చదువు రానివాడికి కూడా తెలిసిపోతుంది. ఆగయ్య లేచి రోడ్డు మీది ట్రాలీ దాకా వెళ్లాడు, గడ్డల మీద కప్పిన గోనెపట్టా సర్ది మళ్లీ వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. తలగుడ్డ విప్పి కట్టాడు. చెయ్యి ఊరికే డబ్బాలో ఖాళీగా ఉన్న కన్నం మీదికి పోతోంది, పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు. ఒకామె ఆగి, ‘మీ పొల్ల సప్పుడు లేదేంది కాకా, పానం బాగలేదా?’ అని అడిగి, అరకిలో అడక్కుండానే వెళ్లిపోయింది. దుకాణంలోంచి ఎవరిదో గొంతు వినిపించింది, ఆడగొంతు, మెత్తగా, ‘తాజా ఉల్లిపాయలు, నాణ్యమైన ఉల్లిపాయలు…’ జహీర్ ఫోను ఎత్తి చూపిస్తున్నాడు. ‘ఇవి రెడీమేడ్ చాచా. ఆడోళ్లది కావాల్నా, మొగోళ్లది కావాల్నా, మస్తున్నయ్. కొత్త పెన్‌డ్రైవ్‌ల ఏసిస్త.’ ఉల్లిపాయలట! కార్వాన్‌లో ఎవరైనా ఉల్లిపాయలంటారా, ఆ మాటకు కిటికీ ఎవరు తెరుస్తారు? ‘న… నక్కో భాయ్. ముందు గది చెరిపెయ్.’

‘చెరగదు చాచా,’ అన్నాడు జహీర్. ఈసారి కుర్చీ ఇటు తిప్పి మరీ చెప్పాడు. ‘నాకొచ్చినయన్నీ చేసిన. లాక్ కాదు, వైరస్ కాదు. చిప్పు ముసలిదైంది. సచ్చిపోయే ముందు కొన్ని గిట్లనే చేస్తయ్, కొత్తది రాయనియ్యయ్, పాతది చెరపనియ్యయ్. ఉన్నది వినిపిస్తది, అంతే. ఫైల్ ఇదొక్కటేనా, లోపల వేరేదేమన్న ఉన్నదా? విను జర.’ పెద్ద హెడ్‌ఫోన్స్ తీసి తలగుడ్డ మీదుగానే ఆయన చెవులకు తగిలించాడు. రోడ్డు మాయమైంది. బస్సులు, హారన్లు, జూపార్కు ముందు బుడగలమ్మేవాడి పీక, అన్నీ పోయాయి, ప్రీతి వచ్చింది. ఇనుప హార్నులోంచి వచ్చే గీరుడు గొంతు కాదు, పక్కన కూర్చుని చెబుతున్నంత దగ్గరగా, పదకొండేళ్ల ప్రీతి, ఎర్రటి ఉల్లిగడ్డలూ అంటున్నప్పుడు ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. ఆగయ్య పెదవులు వాటంతటవే నవ్వాయి. ప్యాజ్ లేలో ప్యాజ్. బాపూ, ఒంటికొస్తుందే. తర్వాత ఎప్పుడూ బండి చప్పుడే వచ్చేది, మళ్లీ మొదటికి వచ్చి ఎర్రటి ఉల్లిగడ్డలూ అనేది. ఇక్కడ బండి లేదు. ఇక్కడ ఇంకా ఉంది. దూరంగా, పరుపుల అవతల నుంచి, చాలా సన్నగా ఒక మగ గొంతు, ‘ఆ… ఆ… ఆగు బిడ్డ. మ… మల్లొక్కసారి.’ ఆ తర్వాత పిల్ల గొంతు, ఈసారి రాగం లేదు, ‘వస్తుంది బాపూ…’ మళ్లీ ఆ గొంతే, కొంచెం విసుగ్గా, ‘ఆ… ఆగన్న గద!’ ఆ తర్వాత టక్కుమని ఏదో శబ్దం, అంతే.

‘మ… మల్ల పెట్టు,’ అన్నాడు. జహీర్ మళ్లీ పెట్టాడు. మళ్లీ అంది బిడ్డ, మళ్లీ ఆగమన్నాడు తను. సంకనేసుకుని ఉరకలేదు. ఉరికానని ఇన్నేళ్లు గల్లీ గల్లీకీ చెప్పుకుని, చెప్పుకుని, నమ్మేశాడు. ఆ రోజు ఐదుసార్లు చెప్పించాడు, ఇప్పుడొస్తోంది అన్నీ ఒకదాని వెనక ఒకటి, మోకాళ్లు దగ్గరికి చేర్చి నిలబడ్డ పిల్ల, రెండోసారికి తొందర తొందరగా చెప్పడం, మూడోసారికి గొంతు సన్నబడటం, ఐదోసారి అయ్యాక గోడ వైపు తిరిగి నిలబడటం. అంజన్న అన్నీ విని, ‘మొదటిదే మంచిగున్నదన్నా, మిగతాయి పనికిరావు’ అన్నాడు, అంటే ఆ నాలుగుసార్లూ ఊరికే. సాయంత్రం దండెం మీద బిడ్డ ఆ పొద్దు వేసుకున్న పసుపు గౌను ఆరేసి ఉంది, నీళ్లు కారుతున్నాయి, వాన పడిందేమోలే అనుకున్నాడు. పదకొండేళ్లు వాన అనుకున్నాడు! వీధికి వినపడేలా బిడ్డ గొంతును ఇన్నేళ్లు మోగించాడు, ఆ గొంతు ఏమంటోందో ఒక్కడే వినలేదు. క్లాసులో ఏ పిల్ల వేలెత్తినా బిడ్డ ఎందుకు ఆగమనదో అర్థమైంది, నిన్నటి ‘అప్పుడు’ ఎప్పుడో తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, హెడ్‌ఫోన్స్‌ను రెండు చేతులతో చెవులకు నొక్కి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఉల్లిగడ్డల వ్యాపారి కనుక ఎవరూ పట్టించుకోలేదు.

‘ఫికర్ నక్కో చాచా, దీని కాపీ నా దగ్గర తీసి పెడ్త, ఎప్పుడన్న వినాలనిపిస్తే…’ అని జహీర్ మౌస్ మీద చెయ్యి వేశాడు. ఆగయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. మాట కోసం చూడలేదు, తల అడ్డంగా ఊపాడు. పెన్‌డ్రైవ్‌ను తానే లాగి, ట్రాలీ దగ్గరికి వెళ్లి, దాన్ని తక్కెడ పక్కన ఇనుప చట్రం మీద పెట్టాడు. ఎర్రదారం విప్పి జేబులో వేసుకున్నాడు. కిలోరాయి ఎత్తాడు. ఒక్క దెబ్బ చాలు, రెండు వేశాడు. పాలిపోయిన ప్లాస్టిక్కూ, వేలిగోరంత పచ్చ పలకా, విరిగిన నల్ల చిప్పూ, ఇంత చిన్నవా అనిపించేంత చిన్నవి, అరచేతిలో పోసుకున్నాడు. జహీర్ గడప మీద నిలబడి చూస్తున్నాడు, ఇంతసేపూ చేసిన పనికి ఏమివ్వాలో అడిగితే చెయ్యి ఊపి లోపలికి పోయాడు. నాలుక్కి మూడు నిమిషాలుంది.

గల్లీలోకి బండి చప్పుడు లేకుండా వెళ్లింది. గేటు తెరిచారు. పిల్లలు బండిని చూడగానే అలవాటుగా నోళ్లు తెరిచి, అందుకోవడానికి రాగం దొరక్క, హార్ను వంక చూశారు. వాళ్ల వెనక ప్రీతి, భుజానికి సంచి, ఒక రెండు జడల పిల్ల చెయ్యి పట్టుకుని. ఆమె కూడా మొదట హార్ను వంకే చూసింది, తర్వాత బాపు వంక. ఆగయ్య బండి దిగి ఎదురుగా వెళ్లి అరచెయ్యి తెరిచాడు. ఆమె ముక్కల్ని చూసింది. ‘గిట్ల పలగ్గొట్టుకున్నవేంది బాపు,’ అంది, గొంతులో నిన్నటి కోపం సగమే ఉంది, ‘రేపటికెల్లి ఎట్లమ్ముతవు?’ ఆయన వచ్చింది దానికి జవాబు చెప్పడానికి కాదు. తప్పయింది బిడ్డా అని ఒక మాట ఉంది, హల్లుతో మొదలవుతుంది, ఏరుకుంటే దొరుకుతుంది, పని జరిగిపోతుంది. ఆయన ఏరుకోలేదు. ‘ఆ…’ అన్నాడు. ‘ఆ… ఆ…’ దవడ బిగుసుకుంది, మెడ నరాలు పైకి తేలాయి. ప్రీతి పెదవులు కదిలాయి, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, బాపు ఆగిన చోట మాట అందించడం. ఆ పెదవుల్ని ఆమె మూసుకుంది. రెండు జడల పిల్ల కొంగు లాగి చిటికెనవేలు చూపించింది, ‘మేడమ్, ఒంటికి.’ ‘పో బిడ్డా,’ అంది ప్రీతి వెంటనే, చెయ్యి వదిలేసి, మళ్లీ బాపు వైపు తిరిగి నిలబడింది. ‘ఆ… ఆ రోజు,’ అన్నాడు ఆగయ్య, ‘ని… నిన్ను… ఆ… ఆ…’ గేటు మూసే వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు, వెనక ఆటో ఒకటి హారన్ కొడుతోంది. ఆమె కదల్లేదు. ‘ఆ… ఆపకూడదుండె బిడ్డా’ అని ఆ మాట మొత్తం బయటికి వచ్చేదాకా ఆమె అలాగే నిలబడి విన్నది.